ఆన్‌లైన్ దుకాణం ఇల్లు మారేటప్పుడు...

(హాస్టల్ పూర్వ విద్యార్థిని, ప్రస్తుతం పి.జి. ద్వితీయ సంవత్సరం)

ఆన్‌లైన్‌లో వస్తువులు కొనడం ఇప్పుడు మన హాస్టల్లో ఎవరికీ కొత్త కాదు. పోటీ పరీక్షల పుస్తకాల దగ్గర్నుంచి చెప్పుల వరకు ఫోన్‌లోనే ఆర్డర్ పెడుతున్నాం. పార్సిల్ వస్తే గేటు దగ్గర్నుంచి కేక వినిపిస్తుంది. అయితే ఆ దుకాణం వెనుక ఏముంటుంది? దాన్ని ఉన్నచోటు నుంచి మరోచోటికి మార్చవలసి వస్తే ఏం చేస్తారు? ఈ విషయం మనలో చాలామందికి తెలియదు. కంప్యూటర్ కోర్సు చదివేవారికి కూడా ఇది పాఠంగా దొరకడం అరుదు. కానీ ఉద్యోగంలో చేరాక ఈ పని చాలామందికి తగులుతుంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు. నాలాంటి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉపయోగపడుతుందని ఈ వార్షిక సంచికకు ఈ అంశాన్ని ఎంచుకున్నాను.

ప్లాట్‌ఫారం అంటే ఏమిటి?

ప్లాట్‌ఫారం అనగానే మనకు రైల్వే స్టేషన్ గుర్తొస్తుంది. ఇక్కడ ప్లాట్‌ఫారం అంటే ఆన్‌లైన్ దుకాణాన్ని నడిపే సాఫ్ట్‌వేర్. వస్తువుల బొమ్మలు, ధరలు చూపించడం, కొన్నవారి చిరునామా తీసుకోవడం, డబ్బు వసూలు చేయడం, బిల్లు ఇవ్వడం, స్టాకు తగ్గించడం ఇవన్నీ అదే చేస్తుంది.

అమెజాన్‌లోనో, ఫ్లిప్‌కార్ట్‌లోనో అమ్మడం వేరు, సొంత ఆన్‌లైన్ దుకాణం వేరు. మొదటిది సంతలో చోటు తీసుకుని అమ్మడం లాంటిది. సంత వాళ్ళది, నియమాలు వాళ్ళవి. రెండోది మన పేరుతో, మన బోర్డుతో కొట్టు పెట్టుకోవడం. ఈ వ్యాసం రెండో రకం గురించి.

సొంత కొట్టులో మళ్ళీ రెండు పద్ధతులున్నాయి. ఒకటి అద్దె ఇల్లు లాంటిది. నెలకింత అని కడితే కంపెనీయే సర్వర్‌ను, భద్రతను చూసుకుంటుంది. షాపిఫై ఇందుకు మంచి ఉదాహరణ. కెనడాలోని ఒట్టావాలో 2004లో కొందరు మంచుమీద జారే బోర్డులను ఆన్‌లైన్‌లో అమ్మడానికి సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. బోర్డుల కంటే ఆ సాఫ్ట్‌వేర్‌కే గిరాకీ ఉందని గ్రహించి 2006లో దాన్ని షాపిఫైగా అందరికీ ఇచ్చారు. రెండో పద్ధతి మన స్థలంలో మనం ఇల్లు కట్టుకోవడం లాంటిది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. సర్వర్ ఖర్చు, మరమ్మతు, కాపలా అన్నీ మనవే. 2000లో జర్మనీలో మొదలైన ఓఎస్‌కామర్స్, 2008లో వచ్చిన మజెంటో, 2011లో వర్డ్‌ప్రెస్‌కు తోడుగా వచ్చిన వూకామర్స్ ఈ కోవలోవి.

ఉన్న ఇల్లు ఎందుకు మారాలి?

అద్దె పెరగడం, వ్యాపారం పెరిగి ఉన్న ప్లాట్‌ఫారం చాలకపోవడం, మన దేశపు చెల్లింపు పద్ధతులకు అది సరిపడకపోవడం, సైట్ చేసిచ్చిన మనిషి మళ్ళీ దొరకకపోవడం ఇలా కారణాలు చాలా ఉంటాయి. ఒక్కోసారి ఇల్లే కూలిపోయే స్థితికి వస్తుంది. దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ మజెంటో మొదటి వెర్షన్.

2008 తర్వాత ప్రపంచమంతటా ఎన్నో దుకాణాలు మజెంటో మీద నడిచాయి. 2015 నవంబరులో దాని రెండో వెర్షన్ వచ్చింది. పేరు ఒకటే అయినా లోపలి నిర్మాణం పూర్తిగా వేరు. పాత దుకాణం డిజైన్లు, పాత అదనపు సాఫ్ట్‌వేర్లు కొత్తదానిలో పనిచేయవు. అంటే మజెంటో ఒకటి నుంచి రెండుకు వెళ్ళడం కూడా కొత్త ఇంటికి వెళ్ళడమే. 2018లో మజెంటోను అడోబ్ కంపెనీ కొన్నది. 2020 జూన్ 30తో మొదటి వెర్షన్‌కు మద్దతు ఆపేశారు. ఆ తేదీ తర్వాత అందులో కొత్త లోపం బయటపడినా సరిచేసే బాధ్యత కంపెనీకి లేదు.

ముందే గడువు చెప్పినా చాలా దుకాణాలు మారలేదు. మూడు నెలలు తిరగకుండానే, 2020 సెప్టెంబరులో, ఒక్క వారాంతంలో దాదాపు 2,000 మజెంటో దుకాణాల్లోకి దొంగలు చొరబడ్డారు. వాటిలో అత్యధికం మొదటి వెర్షన్‌వే. డబ్బు కట్టే పేజీలో వారు చిన్న కోడ్ ముక్కను దూర్చారు. కొనేవారు కార్డు వివరాలు కొట్టగానే ఆ వివరాలు దొంగలకు కూడా చేరేవి. దుకాణదారుకు గానీ, కొనేవారికి గానీ పైకి ఏమీ తెలియదు. గడువు అయిపోయిన సాఫ్ట్‌వేర్‌లో దుకాణం నడపడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏమి తీసుకెళ్ళాలి? ఏమి వదిలేయాలి?

పదో తరగతి పాసై ఇంటర్ హాస్టల్‌కు మారినప్పుడు మనం ఏం చేశాం? ట్రంకు పెట్టె, పళ్ళెం, గ్లాసు, దుప్పటి సర్దుకున్నాం. వాటిలో ఏది పోయినా మళ్ళీ కొనుక్కోవచ్చు. కానీ టి.సి., మార్కుల మెమో, కులధ్రువీకరణ పత్రం పోతే? ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మనకు వేరే చెప్పనక్కరలేదు. దుకాణం మార్పు కూడా అంతే. డిజైన్, రంగులు, బ్యానర్లు పళ్ళెం, గ్లాసుల్లాంటివి. అవి ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి సాధారణంగా రావు, కొత్తగా చేయించుకోవాల్సిందే. వస్తువుల వివరాలు, ఖాతాదారుల చిరునామాలు, పాత ఆర్డర్లు, పేజీల చిరునామాలు సర్టిఫికెట్ల లాంటివి. కొత్తగా అచ్చేసుకుందామంటే కుదరదు. చాలామంది మొదటివాటి మీద నెల రోజులు చర్చించి, రెండోవాటికి ఒక్క పూట కూడా ఇవ్వరు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఉదాహరణకు మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణం ఉందనుకుందాం. 412 రకాల వస్తువులు, 1,860 మంది ఖాతాదారులు, 3,275 పాత ఆర్డర్లు. దీన్ని మజెంటో నుంచి షాపిఫైకి మార్చాలి. ఒక్కొక్కటీ చూద్దాం.

1. వస్తువులు: ప్రతి వస్తువుకూ ఒక కోడ్, పేరు, వివరణ, ధర, పన్ను శాతం, హెచ్.ఎస్.ఎన్. కోడ్, స్టాకు, ఫోటోలు ఉంటాయి. ఒకే చీర ఐదు రంగుల్లో ఉంటే మజెంటోలో ఐదు చిన్న వస్తువులు, వాటిని కలిపే ఒక పెద్ద వస్తువు, మొత్తం ఆరు లెక్కలో ఉంటాయి. షాపిఫైలో ఒకే వస్తువు కింద ఐదు రకాలుగా ఉంటాయి. కాబట్టి పాత పట్టికను ఉన్నదున్నట్టుగా ఎక్కిస్తే ఒక చీర ఆరు చీరలుగా కనిపించే ప్రమాదం ఉంది. ముందుగా పట్టిక రూపం మార్చుకోవాలి.

2. ధరలో పన్ను: 2,100 రూపాయల చీర ధరలో 5 శాతం పన్ను కలిసే ఉందనుకుందాం. అంటే అసలు ధర 2,000, పన్ను 100. కొత్త ప్లాట్‌ఫారంలో 'ధరలో పన్ను కలిసి ఉంది' అనే చోట టిక్కు పెట్టకపోతే అది 2,100 మీద మళ్ళీ 105 రూపాయలు వేసి 2,205 చూపిస్తుంది. ఒక్క టిక్కు వల్ల ప్రతి ఖాతాదారూ ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

3. ఖాతాదారులు: ఖాతాదారుల పట్టికను దింపుకుంటే అందరూ వచ్చినట్టే అనుకుంటాం. కానీ ఖాతా తెరవకుండా, కేవలం చిరునామా ఇచ్చి కొన్నవారు ఆ పట్టికలో ఉండరు. వారి వివరాలు ఆర్డర్లలో మాత్రమే ఉంటాయి. మన దగ్గర చిన్న దుకాణాల్లో ఇలా కొనేవారు చాలామంది. వారి పేర్లు, ఫోన్ నంబర్లు ఆర్డర్ల నుంచి వేరుగా ఏరుకోవాలి.

4. పాస్‌వర్డ్‌లు: ఇవి రావు. సరిగా కట్టిన ఏ ప్లాట్‌ఫారమూ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టుగా దాచదు. దాన్ని ఒక గణిత పద్ధతి గుండా పంపి, ఫలితంగా వచ్చిన అక్షరాలను మాత్రమే దాస్తుంది. దీన్నే హ్యాష్ అంటారు. పిండిని మళ్ళీ బియ్యంగా మార్చలేనట్టే హ్యాష్ నుంచి పాస్‌వర్డ్ తీయలేం. ఇది లోపం కాదు, మన మంచికే. అయితే ఖాతాదారులకు ముందుగానే కబురు పెట్టాలి. 'మన దుకాణం కొత్త సైట్‌కు మారుతోంది, కొత్తగా లాగిన్ కావలసి ఉంటుంది' అని చెప్పాలి. ఆ సందేశంలో ఓ.టి.పి. గానీ కార్డు నంబరు గానీ అడగకూడదు. చెప్పకుండా మార్చితే, ఇదేదో మోసం అనుకుని వారు వెనక్కి తగ్గుతారు.

5. కార్డు వివరాలు: వీటిని మోసుకెళ్ళే ప్రశ్నే లేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ తప్ప మరెవరూ అసలు కార్డు వివరాలు దాచకూడదు. దుకాణానికి దొరికేది దాని బదులు ఇచ్చే టోకెన్ మాత్రమే. కాబట్టి కొత్త దుకాణంలో ఖాతాదారులు కార్డును మళ్ళీ నమోదు చేసుకోవాల్సి రావచ్చు.

6. పాత ఆర్డర్లు: 'అయిపోయిన ఆర్డర్లతో పనేముంది?' అని చాలామంది వీటిని వదిలేస్తారు. చట్టం అలా అనదు. జి.ఎస్.టి. చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలు భద్రపరచాలి. పాత ఆర్డర్లు కొత్త ప్లాట్‌ఫారంలోకి ఎక్కకపోయినా, బిల్లులతో సహా వేరే చోట తెరిచి చూసుకునేలా ఉంచాలి. ఇంకొక సంగతి. బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండు బిల్లులకు ఉండకూడదు. షాపిఫైలో ఆర్డర్ సంఖ్యలు మామూలుగా 1001తో మొదలవుతాయి. ఆర్డర్ నంబరునే బిల్లు నంబరుగా వాడే దుకాణంలో, ఆ సంవత్సరం 1001వ బిల్లు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే చిక్కు వస్తుంది. నంబరుకు ముందు కొత్త అక్షరాలు చేర్చి వేరే వరుస మొదలుపెట్టడం మంచిది. ముందుగా ఆడిటర్‌ను అడగాలి.

పి.జి. ప్రాజెక్టులో భాగంగా నేను ఇలాంటి ఒక చిన్న చీరల దుకాణం మార్పులో పాల్గొన్నాను. మేమంతా కొత్త డిజైన్ గురించి మాట్లాడుతుంటే దుకాణం పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అమ్మా, నా పాత బిల్లులు కనపడతాయా?" ఆయనకు కంప్యూటర్ రాదు. కానీ దుకాణం అంటే ఏమిటో మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు. మా ఊళ్ళో కిరాణా కొట్టు గోడ పడిపోతే మళ్ళీ కట్టుకున్నారు. అదే ఖాతా పుస్తకం తడిసిపోయి ఉంటే కొట్టే మూతపడేది.

తెలుగు అక్షరాల సంగతి

వివరాలను ఒకచోట నుంచి మరోచోటికి సాధారణంగా సి.ఎస్.వి. అనే ఫైల్ రూపంలో మోస్తారు. అడ్డువరుసల్లో కామాలతో విడదీసిన మామూలు పట్టిక అది. పేర్లు, వివరణలు తెలుగులో ఉన్నప్పుడు ఇక్కడ అదనపు జాగ్రత్త కావాలి.

కంప్యూటర్‌కు ప్రతి అక్షరమూ ఒక సంఖ్యే. యూనికోడ్‌లో తెలుగుకు ప్రత్యేకంగా స్థానాలు కేటాయించారు. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో స్థానానికి మూడు బైట్లు కావాలి. 'చీర' అనే మాటలో చ, దాని గుణింతపు గుర్తు, ర కలిసి మూడు స్థానాలు, అంటే తొమ్మిది బైట్లు. ఫైల్‌ను వేరే పద్ధతిలో తెరిస్తే ఈ తొమ్మిది బైట్లు అర్థంలేని లాటిన్ గుర్తులుగా కనిపిస్తాయి. అప్పుడు కంగారు పడనక్కరలేదు. సేవ్ చేయకుండా మూసి, యు.టి.ఎఫ్-8 అని ఎంచుకుని తెరిస్తే సాధారణంగా సరిపోతుంది. కానీ తెలుగు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు వరుసగా కనిపిస్తే, అసలు అక్షరం అప్పటికే పోయిందని అర్థం. ఆ కాపీ నుంచి ఏదీ రాదు, మూల ఫైల్‌కు వెళ్ళాల్సిందే. అందుకే మొదట దింపుకున్న ఫైల్‌ను ఎన్నడూ ముట్టుకోకూడదు. పని అంతా దాని నకలు మీదే చేయాలి.

ఇంకొకటి. డి.టి.పి. సెంటర్లలో అను వంటి పాత ఫాంట్లతో కొట్టించిన తెలుగు యూనికోడ్ కాదు. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే గుర్తులు. పాంప్లెట్ నుంచి తీసి సైట్‌లో పెట్టిన వివరణలు ఉంటే వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చి, తర్వాత ఎవరైనా తెలుగు బాగా వచ్చినవారు ఒకసారి చదివి సరిచేయాలి. ఒత్తులు, గుణింతాలు మారిపోయే అవకాశం ఎక్కువ.

ఎక్సెల్‌తో కూడా జాగ్రత్త. సి.ఎస్.వి.ని నేరుగా తెరిస్తే 00415 అనే వస్తువు కోడ్ 415 అవుతుంది. 5-10 అనే కోడ్ తేదీగా మారిపోతుంది. 91తో కలిపి పన్నెండు అంకెల ఫోన్ నంబరు కుదించిన సంఖ్యగా కనిపిస్తుంది, అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. ఆ నిలువు వరుసలను అంకెలుగా కాక అక్షరాలుగా తీసుకొమ్మని ముందే చెప్పాలి.

పాత చిరునామాకు వచ్చేవారిని ఏం చేయాలి?

మనం హాస్టల్ మారాక పాత హాస్టల్‌కు ఉత్తరం వస్తే పోస్టుమాన్ ఏం చేస్తాడు? కొత్త చిరునామా ఇచ్చి ఉంటే అక్కడికి మళ్ళిస్తాడు. లేకపోతే 'ఇక్కడ లేరు' అని రాసి వెనక్కి పంపుతాడు. వెబ్ పేజీలకూ ఇంతే. మజెంటోలో ఒక చీర పేజీ చిరునామా ఒక తీరుగా ఉంటే, షాపిఫైలో అదే చీర చిరునామా వేరే తీరుగా ఉంటుంది. గూగుల్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో, చీర పెట్టె మీద అచ్చువేసిన క్యూఆర్ కోడ్‌లో ఉన్నది పాత చిరునామా. అది తెరిస్తే పేజీ లేదని వస్తుంది.

దీనికి పరిష్కారం 301 మళ్ళింపు. 'ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారింది' అని బ్రౌజర్‌కు, గూగుల్‌కు చెప్పే సంకేతం అది. ఒక పట్టిక తయారుచేసుకోవాలి. ఎడమవైపు పాత చిరునామా, కుడివైపు అదే వస్తువు కొత్త చిరునామా. 412 వస్తువులుంటే 412 వరుసలు. శ్రమ అనిపించి అన్నిటినీ మొదటి పేజీకి మళ్ళించేవారు ఉన్నారు. గూగుల్ అలాంటి వాటిని లేని పేజీలుగానే లెక్కిస్తుంది. చీర కోసం వచ్చిన మనిషి కూడా మొదటి పేజీ చూసి వెళ్ళిపోతాడు. ఈ మళ్ళింపులను కనీసం ఒక ఏడాది ఉంచాలని గూగుల్ చెబుతుంది. అచ్చు కాగితాల మీద ఉన్నవాటికి ఇంకా ఎక్కువకాలం ఉంచడం మంచిది.

మారే రోజు

మార్పు ఒక్క రోజులో జరిగినట్టు కనిపిస్తుంది గానీ, దాని ముందు కనీసం ఒక్కసారైనా పూర్తి రిహార్సల్ జరగాలి. వార్షికోత్సవం నాటకానికి మనం ఎన్ని రిహార్సల్స్ వేస్తామో తెలుసు కదా! కొత్త దుకాణాన్ని ఎవరికీ కనబడకుండా పాస్‌వర్డ్ వెనుక ఉంచి, అన్ని వివరాలూ ఎక్కించి చూడాలి. శ్రావణమాసం, దసరా, సంక్రాంతి వంటి అమ్మకాల రోజుల్లో మార్పు పెట్టుకోకూడదు. మామూలు వారంలో, ఆర్డర్లు తక్కువగా వచ్చే వేళ ఎంచుకోవాలి.

డొమైన్ పేరు ఏ సర్వర్‌ను చూపించాలో చెప్పే వ్యవస్థను డి.ఎన్.ఎస్. అంటారు. ఒకసారి తెలుసుకున్న సమాధానాన్ని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో కూడా అందులోనే ఉంటుంది. అది 86,400 సెకన్లు అని ఉంటే, మనం మార్చిన తర్వాత కూడా కొందరికి ఒక రోజు పాటు పాత దుకాణమే కనిపించవచ్చు. కాబట్టి ఒకటి రెండు రోజుల ముందే దాన్ని 300 సెకన్లకు తగ్గించాలి. అలాగే అదే చోట ఈ-మెయిల్‌కు సంబంధించిన నమోదులు కూడా ఉంటాయి. వాటిని మరిచి అన్నీ మార్చేస్తే దుకాణానికి మెయిళ్ళు ఆగిపోతాయి.

మారే సమయంలో పాత దుకాణంలో కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపాలి. రిహార్సల్ తర్వాత వచ్చిన ఆర్డర్లను, మారిన స్టాకును చివరిసారి ఎక్కించాలి. తర్వాత డొమైన్‌ను కొత్త చోటికి తిప్పాలి. వెంటనే ఒక రూపాయి వస్తువు పెట్టి నిజంగా కొని చూడాలి. యు.పి.ఐ.తో ఒకసారి, కార్డుతో ఒకసారి. ఎందుకంటే డబ్బు అందగానే చెల్లింపు సంస్థ దుకాణానికి కబురు పంపుతుంది. ఆ కబురు పాత చిరునామాకే వెళుతుంటే కొనేవారి ఖాతాలో డబ్బు పోతుంది, దుకాణంలో ఆర్డర్ మాత్రం కనబడదు. దుకాణం మీద నమ్మకం పోవడానికి ఇంతకంటే వేరే కారణం అక్కరలేదు.

లెక్క సరిపోయిందా?

ఇది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని. దీనికి పెద్ద ప్రోగ్రామింగ్ అక్కరలేదు, ఓపిక కావాలి. అక్కడ 412 వస్తువులుంటే ఇక్కడా అవే 412 ఉండాలి. కానీ సంఖ్య సరిపోయినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఒక నిలువు వరుస పక్కకు జరిగి ఒక చీర ధర ఇంకో చీరకు వెళ్ళినా 412 అనేది 412గానే ఉంటుంది. కాబట్టి అన్ని ధరల మొత్తం, స్టాకు మొత్తం, పాత ఆర్డర్ల విలువ మొత్తం రెండు వైపులా కూడి పోల్చాలి. ధరలు ఒకదానికొకటి తారుమారైనా మొత్తం మారదు కాబట్టి, ఆ తర్వాత ఇరవై ముప్పై వస్తువులను ఎక్కడపడితే అక్కడ ఎంచి ఫోటో, పేరు, ధర, రంగు కంటితో చూడాలి. వాటిలో ఖరీదైనది, అతి చవకైనది, ఎక్కువ రంగులున్నది, స్టాకు లేనిది తప్పక ఉండాలి.

పాత దుకాణాన్ని వెంటనే చెరిపేయకూడదు. బయటివారికి మూసేసి, కొన్ని నెలలు మనం చూసుకునేందుకు ఉంచాలి. చెరిపే ముందు పూర్తి బ్యాకప్ తీసి, అది నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడాలి. ఈ పనిలో మన చేతికి వచ్చేవి వేలమంది చిరునామాలు, ఫోన్ నంబర్లు. వాటిని పెన్‌డ్రైవ్‌లో తిప్పడం, వాట్సాప్‌లో పంపడం తప్పు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో మన దేశంలో చట్టం కూడా చేశారు. చట్టం ఉన్నా లేకపోయినా, ఒక ఆడపిల్ల ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఇతరుల చేతుల్లో పడితే ఏమవుతుందో మనకు తెలుసు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

చిన్న దుకాణాలు, చేనేత సంఘాలు, మహిళా సంఘాలు సైట్ చేయించుకునేటప్పుడు డొమైన్ పేరును చేసిచ్చిన మనిషే తన పేరున, తన మెయిల్‌తో నమోదు చేసుకోవడం తరచుగా జరుగుతుంది. డబ్బు కట్టింది దుకాణదారు, కాగితాల్లో యజమాని ఇంకొకరు. మారదామనుకున్న రోజున ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే, పదేళ్ళుగా ఖాతాదారులకు అలవాటైన పేరు చేజారిపోతుంది. పొలం మనం దున్నుతూ పట్టా వేరొకరి పేరున ఉంటే ఏమవుతుందో మన ఊళ్ళలో చాలా కుటుంబాలకు తెలుసు. ఇదీ అలాంటిదే. డొమైన్, సర్వర్, చెల్లింపు ఖాతా, మెయిల్ అన్నీ దుకాణదారు పేరునే ఉండాలి. సైట్ చేసేవారికి పని చేయడానికి అవసరమైన అనుమతి ఇస్తే చాలు.

రేపు మనలో కొందరు సైట్లు చేసిచ్చేవారిగా ఉంటాం. అప్పుడు ఎదుటివారికి తెలియని విషయాన్ని మన లాభానికి వాడుకోకూడదు. తాళంచెవి వారి చేతిలో పెట్టి, పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసిచ్చి, ఎలా వాడాలో తెలుగులో చెప్పి రావాలి.

మనకు ఇందులో ఏముంది?

కంప్యూటర్ ఉద్యోగం అంటే కోడింగ్ ఒక్కటే అనే భయం మన హాస్టళ్ళలో ఎక్కువ. దుకాణం మార్చే పనిలో కోడ్ రాసేవారు ఉంటారు. వారితోపాటు పట్టికలు సరిచేసేవారు, రెండు వైపులా లెక్కలు పోల్చేవారు, పన్ను సంగతి తెలిసినవారు, తెలుగు వివరణలు చదివి దిద్దేవారు, ఖాతాదారులతో మర్యాదగా మాట్లాడేవారు కూడా కావాలి. బి.కాం. చదివిన చెల్లికి, తెలుగు మీడియంలో చదివిన తమ్ముడికి కూడా ఇందులో చోటుంది. ఎస్.క్యు.ఎల్. ప్రాథమిక విషయాలు, ఎక్సెల్‌లో రెండు పట్టికలను పోల్చడం, సి.ఎస్.వి., యూనికోడ్ గురించి అవగాహన, ఇవి నేర్చుకోవడానికి ఖరీదైన కోచింగ్ అక్కరలేదు. వూకామర్స్, ఓపెన్‌కార్ట్ రెండూ ఉచితంగానే దొరుకుతాయి. కాలేజీ ల్యాబ్‌లో ఒకదానిలో పది వస్తువులతో చిన్న దుకాణం పెట్టి, దాన్ని రెండోదానికి మార్చి చూడండి. పది వస్తువులకే ఎన్ని తేడాలు వస్తాయో మీకే తెలుస్తుంది.

ఎవరైనా తెలిసినవారు ఆన్‌లైన్ దుకాణం పెడదామని మీ సలహా అడిగితే, డిజైన్ చూడకముందే ఈ ఒక్క ప్రశ్న అడగమని చెప్పండి: "మేము రేపు వెళ్ళిపోదామనుకుంటే మా వస్తువులు, మా ఖాతాదారులు, మా బిల్లులు మాకు ఏ రూపంలో ఇస్తారు?" దానికి సూటిగా జవాబు చెప్పిన చోటే కొట్టు పెట్టమనండి.